స్పెయినుదేశపు మానములు

అమరకోశమున మానము తుల, అంగుళి, ప్రస్థము అను వానిచే మూఁడు విధములుగాఁ జెప్పఁబడినది. తులచేఁ దూఁచునవి కొన్ని, అంగుళములచేఁ గొలుచునవి కొన్ని, పాత్రచేఁ గొలుచునవి కొన్ని. ఈ విభాగము భరతఖండమునకే కాక, మనుష్యులు ధాన్యమును బండించి, అమ్మి, పన్ను చెల్లించిన ప్రతిదేశమునకును జెల్లును. ఐరోపాఖండపు దక్షిణదేశములలో మీటరుపద్ధతి నెలకొనుటకుఁ బూర్వము వాడుకలో నుండిన తూనికలును బాత్రకొలతలును ఈ విషయమున మిక్కిలి విచారింపఁదగినవి. వానిలో స్పెయినుదేశపు మానములు ముఖ్యముగా నిచ్చట వివరింపఁబడును. పోర్చుగలు, ఇటలీ దేశముల మానములు పోలికకై మాత్రము పేర్కొనఁబడును.

విచారమునకు మొదలైన చిక్కు ఇది. ఒక పాతలెక్కలో కాస్తీలుదేశపు భూస్వామికి 100 ఫనేగల గోధుమలు ముట్టెననియు, వేఱొక లెక్కలో అరగానుదేశపు భూస్వామికిని 100 ఫనేగలే ముట్టెననియు నున్నదనుకొందము. పేరొకటి, సంఖ్యయు నొకటి. కాని కాస్తీలు ఫనేగ 55.5 లీటర్లు; అరగానులో జరగోజా నగరపు ఫనేగ 22.42 లీటర్లు. మొదటివాని గాదెలో 5,550 లీటర్ల ధాన్యము చేరఁగా, రెండవవాని గాదెలో 2,242 లీటర్లు మాత్రమే చేరినది. ఈ భేదము నెఱుఁగక రెండు లెక్కలను బోల్చువాఁడు సగముకంటెఁ దక్కువ యైనదానిని సమానమని వ్రాయును. పేరు నమ్మి కొలతను విడుచుట వలని ప్రమాద మిట్టిది.

ధాన్యమానములు

కాస్తీలుదేశమున ధాన్యము కొలుచుటకు మూలమైన మానము ఫనేగ. ఫనేగకు 12 సెలెమీనులు. సెలెమీనుకు 4 క్వార్తిల్యోలు. 12 ఫనేగలు చేరినచో నొక కాయీసు. సెలెమీను 4.6 లీటర్లకుఁ గొంచె మెక్కుడు. కాయీసు 666 లీటర్లు. ఫనేగ నిండ గోధుమలు పోసి తూఁచినచో ఇంచుమించు 43 కిలోగ్రాములు తూఁగును. యవలు తేలిక యగుటచే అంత తూఁగవు. నిండుఫనేగ పాత్ర నొక్కఁ డెత్తి పోయుట కష్టము. అందుచేఁ గళ్లములందును సంతలందును సామాన్యముగా అరఫనేగ పట్టు కఱ్ఱపెట్టెతోఁ గొలిచి, రెండు పెట్టెలను ఒక ఫనేగగా లెక్కించుచుండిరి.

ఈ వరుస తక్కిన రాజ్యములందు నిలువదు. అరగానులో కాయీసునకు 12 గాక 8 ఫనేగలే. ఆ కాయీసు 179 లీటర్లకుఁ గొంచె మెక్కుడు. వాలెన్సియాలో కాయీసునకు 12 బార్చిల్యలు; బార్చిల్య 16.75 లీటర్లగుటచేఁ గాయీసు 201 లీటర్లు. కతలోనియాలో బార్సెలోనా నగరమున ఫనేగకు బదులు క్వార్తెర అను మానము వాడుకలో నుండెను, అది 69.5 లీటర్లు. నవార్రాలో రోబో అను మానము 28.13 లీటర్లు. కాయీసు అను నొక్క పేరే కాస్తీలులో 666, వాలెన్సియాలో 201, అరగానులో 179 లీటర్లను దెలుపుచున్నది.

రాజ్యభేదముచేఁ గలిగిన వ్యత్యాస మొకటి. వస్తుభేదముచేఁ గలిగినది వేఱొకటి. వాయవ్యమూల నున్న గలీసియాలో ధాన్యమును ఫెర్రాదో అను మానముతోఁ గొలిచిరి. అక్కడి కొరూన్యా నగరమున గోధుమల ఫెర్రాదో 16 లీటర్లకుఁ గొంచె మెక్కుడు. మొక్కజొన్నల ఫెర్రాదో ఇంచుమించు 21 లీటర్లు. ఒకే ఊరిలో, ఒకే అంగడిలో, ఒకే పేరుగల పాత్ర గోధుమలకొకటి, మొక్కజొన్నలకొకటి. వెల యెక్కువ గల ధాన్యమునకుఁ జిన్నపాత్రయు, వెల తక్కువ గలదానికిఁ బెద్దపాత్రయు నుండుట గమనింపఁదగినది.

ద్రవమానములు

ద్రవపదార్థములలో ముఖ్యమైనవి ద్రాక్షామద్యమును ఆలివునూనెయును. ఈ రెండును అరోబ అను పేరుగల మానముతోడనే అమ్మఁబడుచుండెను. కాని అరోబలు రెండు. మద్యపు అరోబకుఁ గాంతర యని నామాంతరము, అది 16.13 లీటర్లు. దానిని 8 అసుంబ్రెలుగాను, అసుంబ్రెను 4 క్వార్తిల్యోలుగాను విభజించిరి. నూనె యరోబ 12.56 లీటర్లు మాత్రమే.

ఈ రెండవ సంఖ్య యెక్కడనుండి వచ్చెను? అరోబ యనునది మొదట తూనిక. కాస్తీలులో 25 లీబ్రల బరువు, అనఁగా ఇంచుమించు 11.5 కిలోగ్రాములు, ఒక అరోబ. ఆలివునూనె నీటికంటెఁ దేలిక, 12.56 లీటర్ల నూనె తూఁచినచో సరిగా ఆ 11.5 కిలోగ్రాములే తూఁగును. కావున నూనె యరోబ యనఁగా అరోబ బరువుగల నూనె పట్టు పాత్ర యని యర్థము. మాటిమాటికిఁ దూఁచుటకు మాఱుగా వర్తకులు బరువును బాత్రగా మార్చుకొనిరి. ఇట్లు ఒకే మాట తులామానమును, ప్రస్థమానమును, అందును రెండు విధములైన ప్రస్థమానమును దెలుపుచు వచ్చినది. లెక్కలోఁ గేవలము అరోబ యని యున్నచో, అది ఉన్నియా, మద్యమా, నూనెయా యని యెఱుఁగక పరిమాణమును జెప్పరాదు.

తూనికలు

కాస్తీలుదేశపు తూనికల వరుస యిది: 16 అదార్మెలు ఒక ఓన్స, 16 ఓన్సలు ఒక లీబ్ర, 25 లీబ్రలు ఒక అరోబ, 4 అరోబలు ఒక కింతాలు. ఓన్స 28.76 గ్రాములు, లీబ్ర 460 గ్రాములు, కింతాలు 46 కిలోగ్రాములు. ఇదిగాక 6 అరోబలు, అనఁగా 150 లీబ్రలు గల పెద్దకింతాలును గలదు. దానికి జనులు మగకింతాలని పేరిడిరి.

లీబ్ర లాటిను లీబ్రానుండి వచ్చినది. రోమకుల లీబ్రాకుఁ బండ్రెండు భాగములు. కతలోనియా, అరగాను, వాలెన్సియాలలో ఆ పండ్రెండు ఓన్సల విభాగమే నిలిచినది. బార్సెలోనాలో లీబ్ర 400 గ్రాములు, వాలెన్సియాలో 355, జరగోజాలో 350. నవార్రాలో 372 గ్రాములు. గలీసియాలో 20 కాస్తీలు ఓన్సల లీబ్రయును గలదు. అది 575 గ్రాములు. కాస్తీలులోనే ఔషధములు తూఁచు వైద్యుల లీబ్రకుఁ 12 ఓన్సలే. అది 345 గ్రాములు. బార్సెలోనాలో మాంసమునకుఁ బ్రత్యేకముగా 36 ఓన్సల లీబ్ర యొకటి యుండెను. అది 1,200 గ్రాములు, అనఁగా సామాన్యపు లీబ్రకు మూఁడురెట్లు.

లీబ్రయొక్క యీ భేదమును సరిపుచ్చుటకో యనఁగా అరోబలోని లీబ్రల సంఖ్యయు మాఱినది. కాస్తీలులో అరోబకు 25 లీబ్రలు, బార్సెలోనాలో 26, జరగోజాలోను వాలెన్సియాలోను 36. లీబ్ర చిన్నదైనచోట సంఖ్య పెరుఁగుటచే, అరోబ మాత్రము 10.4 కిలోగ్రాములకును 12.8 కిలోగ్రాములకును నడుమనే నిలిచినది. మనుష్యుఁడొకఁ డెత్తి బండిలో వేయఁదగిన మూట బరువు దేశమంతటను ఇంచుమించుగా నొక్కటియే గదా! కతలోనియాలో 12 అరోబలను గార్రెగ యనిరి. బరువు అని దాని యర్థము. అది 124.8 కిలోగ్రాములు; కంచరగాడిద మోయఁదగిన భారము. శాస్త్రకారుని గణితముకంటె మోయువాని వీఁపే యిట్టి పెద్దమానములను నిర్ణయించినది.

పొరుగుదేశములందును ఇట్టి భేదములే కానవచ్చును. పోర్చుగలులో లిస్బను నగరపు అరోబకు 32 అర్రాతెలులు, బరువు 14.7 కిలోగ్రాములు. ఇటలీలో వెనిసునగర వర్తకులు రెండు పౌనులను వాడిరి: సన్నపు సరకులకు 301 గ్రాముల చిన్నపౌను, మోటుసరకులకు 477 గ్రాముల పెద్దపౌను.

పేళ్ల పుట్టుక

భాషాపరిశోధకులకు ఈ మానముల పేళ్లే యొక చరిత్రగ్రంథము. 711వ సంవత్సరమున అరబ్బులును ఉత్తరాఫ్రికావాసులును స్పెయినును బ్రవేశించిరి. 1492లో గ్రనాదా పట్టుపడువఱకు ఆ ద్వీపకల్పమునఁ దురుష్కరాజ్యము ఏదో యొక భాగమున నిలిచియుండెను. ఆ యేడువందల యెనుబది యేండ్ల సాంగత్యము సంతలోని మాటలందు స్థిరముగా నిలిచినది. ఫనేగ గోనెసంచి యను నర్థముగల అరబ్బీమాటనుండి వచ్చినది. కాయీసునకు మూలము కఫీజు. అరోబ అర్‌రుబ్, నాలవభాగ మని యర్థము, కింతాలులో నాలవవంతు గనుక ఆ పేరు. అసుంబ్రె అస్‌సుమ్న్, ఎనిమిదవభాగము, నేఁటికిని కాంతరలో నెనిమిదవవంతే. సెలెమీనునకును మూలార్థము ఎనిమిదవభాగమే. కాని కాస్తీలు ఫనేగకు సెలెమీనులు పండ్రెండు. మానముల పొంతన మాఱినను బేరు మాఱలేదనుట కిది చక్కని యుదాహరణము.

అన్నిటికంటె విచిత్రమైనది కింతాలు. లాటినులో శతమును దెలుపు కెంతెనారియుము గ్రీకుభాషలోఁ గెంతెనారియోనై, సిరియాదేశపు భాషలగుండ అరబ్బీలోఁ గింతారుగా మాఱెను. అరబ్బీనుండి మరల ఐరోపాకు వచ్చి స్పెయినులోఁ గింతాలు, దక్షిణ ఇటలీలోఁ గాంతారొ యైనది. పశ్చిమమున వెడలిన మాట ప్రాచ్యదేశములు తిరిగి పశ్చిమమునకే చేరినది. అన్నిచోటులను శతము అను భావము నిలిచినను బరువు నిలువలేదు. కాస్తీలులో 46, బార్సెలోనాలో 41.6, లిస్బనులో 58.75, నేపిల్సులో 89.1 కిలోగ్రాములు. నేఁ డాంధ్రదేశపు సంతలలో వడ్లును మిరపకాయలును అమ్మఁబడు క్వింటాలును ఈ మాటయే. ఇది 100 కిలోగ్రాములు. బార్సెలోనాలో కింతాలునకు 104 లీబ్రలును లిస్బనులో 128 అర్రాతెలులును ఉండుటచే, శతమను నర్థము సైత మచ్చటఁ బేరునందే మిగిలినది.

పౌను బరువునకు దక్షిణభారతవర్తకులు వాడిన రాత్తలు అను మాటయు, పోర్చుగలు అర్రాతెలును, ఇటలీలోని రోతొలొయు అరబ్బీలోని రత్లునుండి కలిగిన సోదరశబ్దములు. ఇందుకుఁ బ్రతిగా భారతదేశపు మాటలును బోర్చుగీసుభాషకుఁ బోయినవి. ఖండి వారి లెక్కలలోఁ గాందిలై యున్నది. 1554లో అంతోనియో నూనెస్ అను పోర్చుగీసు ఉద్యోగి భారతదేశపు తూనికలు, కొలతలు, నాణెములను గూర్చి యొక గ్రంథమునే వ్రాసెను. రేవు మాఱినప్పుడెల్ల మానము మాఱుచుండఁగా, అట్టి గ్రంథము లేక లెక్క వ్రాయుట వారికి సాధ్యము కాలేదు.

అరోబ గుఱుతును గూర్చి యొకమాట. స్పెయిను, పోర్చుగలు వర్తకులు తమ లెక్కలలో అరోబకు సంకేతముగా రోమను లిపిలోని మొదటి యక్షరమును వ్రాసి, దాని చుట్టును దోఁకవంటి గీఁతను ద్రిప్పుచుండిరి. నేఁడు విద్యుల్లేఖల చిరునామాలలోఁ గానవచ్చు గుఱుతు ఆ రూపముగలదియే. ఆ దేశములవారు దానిని నేఁటికిని అరోబ యనియే పిలుచుచున్నారు.

రాశికొలత, చదునుకొలత

పాత్ర యొక్కటియే యైనను గొలుచు రీతినిబట్టి ధాన్యము మాఱును. ధాన్యమును అంచునకుఁ బైగా గుట్టగాఁ బోసి కొలుచుట రాశికొలత. కఱ్ఱతో అంచువెంబడిఁ ద్రోసి చదునుచేసి కొలుచుట చదునుకొలత. ఆ చదునుకఱ్ఱకు స్పెయినుభాషలో రసేరొ యని పేరు. పక్షపాతము లేక అందఱిని సమానముగాఁ జూచుటను నేఁటికిని ఆ భాషలో ఒకే రసేరొతోఁ గొలుచుట యందురు.

ఇందలి సూక్ష్మ మిది. రెండు పాత్రలు చదునుకొలతలో సమానమే యైనను, వెడల్పై లోఁతు తక్కువైన పాత్రమీఁదఁ బెద్దరాశి నిలుచును. సన్నమై లోఁతైనదానిమీఁదఁ జిన్నరాశి నిలుచును. మఱియు ధాన్యమును ఎత్తునుండి పోసినను, పాత్రను గుదిపినను గింజలు దగ్గఱగాఁ జేరి యెక్కుడు పట్టును. కౌలుధాన్యమును రాశికొలతతోఁ బుచ్చుకొని, చదునుకొలతతో అమ్మువానికిఁ గొలతమాటున లాభము, ఇచ్చువానికి నష్టము. కాగితముమీఁద సంఖ్య రెండుచోటులను ఒక్కటియే. పోలెండుదేశపు చరిత్రకారుఁడు విటోల్డు కూలా 1970లోఁ బ్రకటించిన గ్రంథమున, ఐరోపాలో మానములను గూర్చిన వివాదములు ప్రాయికముగా భూస్వామికిని రైతునకును, అమ్మువానికిని గొనువానికిని నడుమఁ గల బలాబలములను దెలుపునని నిరూపించెను.

కావుననే నగరములు కొలతలను గాచుటకు ఉద్యోగుల నియమించినవి. కాస్తీలులో అల్మొతసేను, వాలెన్సియాలో ముస్తసాఫు అను అధికారి అంగళ్లలోని తూనికలను, పాత్రలను బరీక్షించి, తప్పుకొలత వాడినవారికి దండన విధించుచుండెను. ఈ రెండుపేళ్లును తురుష్కనగరములలోని ముహ్తసిబు అను అధికారి పేరునుండి వచ్చినవే. రాజ్యము చేతులు మాఱినను సంతను గాచు పద్ధతి మాఱలేదు.

విత్తుకొలఁది నేల

ఫనేగ ధాన్యమానము మాత్రమే కాదు, నేలకొలతయు నగును. ఫనేగ గింజలు చల్లుటకుఁ దగిన నేల ఫనేగనేల. సారముగల నేలలో విత్తనము దట్టముగాఁ జల్లుదురు; చవిటినేలలోఁ బలుచగాఁ జల్లుదురు. అందుచే ఫనేగనేల వైశాల్యము చోటునుబట్టి మాఱినది. కాస్తీలు రాజమానము ప్రకారము ఫనేగనేల 64.4 ఆర్లు, మద్రిదు ప్రాంతమున 34.24 ఆర్లు. గలీసియాలోని ఫెర్రాదోయు ఇట్లే ధాన్యమానమును, భూమానమును గూడ నైనది. రైతునకుఁ గావలసినది వైశాల్యము గాదు. ఆ నేల కెంత విత్తు పట్టును, ఎంత పని పట్టును అనుటయే. ఆ ప్రశ్నకు ఫనేగనేల సరియైన యుత్తరము.

ఈ రీతి తెలుఁగువారికిఁ గ్రొత్తది కాదు. పుట్టెడునేల, తూమెడునేల అను మాటలు విత్తుకొలఁదినే తెలుపును. వేంగీచాళుక్యుల తామ్రశాసనములలో దత్తభూమిని ఇన్ని ఖండికల కోద్రవబీజము చల్లఁదగిన క్షేత్రమని చెప్పుట పరిశోధకు లెఱిఁగినదే. సంబంధములేని రెండు దేశములందు వ్యవసాయ మొక్కరీతి నాలోచించుటచే మానము నొక్కరీతి నేర్పడినది.

రాజశాసనములు

మానముల నేకము చేయవలెనని స్పెయిను రాజులు పలుమాఱు ప్రయత్నించిరి. కాస్తీలురాజు పదియవ అల్ఫాన్సో 1261లో తన రాజ్యమంతటికిని ఒకే తూనికయు, ఒకే కొలతయు నుండవలెనని శాసించెను. పదునొకండవ అల్ఫాన్సో 1348లో అల్కలాపురమున జరిగిన సభయందు అట్లే విధించెను. తరువాత రెండవ హువాను కాలమునను, 1496లో ఇసబెల్లా ఫెర్నాందుల కాలమునను, ధాన్యమునకు ఆవిలానగరపు కొలతయు, మద్యమునకుఁ దోలేదోనగరపు కొలతయు బ్రమాణములని నిర్ణయింపఁబడెను. తుదకు నాలవ కార్లొసు 1801లో ఆవిలా, తోలేదో ప్రమాణములనే దేశమంతటికిని వర్తింపఁజేయుచు ఆజ్ఞ యిచ్చెను.

ఒకే యాజ్ఞను మరల మరల నిచ్చుటయే అది నెఱవేఱలేదనుటకు సాక్ష్యము. ఏల నెఱవేఱలేదు? అరగాను, కతలోనియా, వాలెన్సియా, నవార్రాలకు స్వకీయములైన ధర్మశాసనములు చిరకాల ముండెను. నగరములకు తమ కొలత తమ గౌరవమునకు గుఱుతు; కొలతరుసుములవలన ఆదాయమును గలదు. వీనికంటె బలవత్తరమైన కారణము వేఱొకటి. కౌలుపత్రములు, దేవాలయపు మాన్యములు, దశమభాగపు పన్నులు అన్నియు స్థానికమానములలో వ్రాయఁబడియుండెను. అరగాను రైతు ఏఁటేఁట 12 ఫనేగల గోధుమలు, అనఁగా 269 లీటర్లు, చెల్లింపవలసియున్నదనుకొందము. ఆ ఫనేగను ఆవిలా ఫనేగగా మార్చి, పత్రములోని సంఖ్యను మార్చకున్నచో, అతఁడు 666 లీటర్లు చెల్లింపవలసివచ్చును. ఒక్క యక్షరమైనను దిద్దకయే అతని కౌలు రెండున్నర రెట్లగును. ఇంకొకచోట పెద్దకొలత చిన్నదైనచో భూస్వామికి నష్టము. ఉభయపక్షములవారికిని భయము కలిగించు మార్పును రాజాజ్ఞ యొక్కటియే నిలుపలేదు.

మీటరుపద్ధతి

ఫ్రాన్సుదేశమున మీటరుపద్ధతి నిర్ణయింపఁబడుచుండఁగా, 1798, 1799 సంవత్సరములలోఁ బారిసున జరిగిన పండితసమావేశమునకు స్పెయినుపక్షమున గాబ్రియేలు సిస్కారు, అగుస్తీను పెద్రాయెస్ అను గణితజ్ఞులు వెళ్లిరి. కాని స్పెయినులో ఆ పద్ధతిని శాసనముగా నెలకొల్పినది 1849 జూలై 19వ తేదిని, రెండవ ఇసబెల్లా రాణి కాలమున. పాఠశాలలలో గణితము నేర్పువారు ఈ పద్ధతినిఁ దప్పక నేర్పవలెనని ఆ శాసనమే విధించెను. కొలత మాఱవలెనన్నచో సంతకంటె ముందు బడి మాఱవలెనని యా శాసనకర్త లెఱిఁగిరి.

1852లో ప్రభుత్వము ఒక్కొక్క మండలపు మానములను మీటరుమానములతోఁ బోల్చి పట్టికలుగాఁ బ్రకటించెను. పైన నీయఁబడిన పరిమాణములలోఁ బెక్కింటికి ఆ పట్టికలే యాధారము. వానిలో ఫనేగలు, లీబ్రలు, అరోబలు మండలమునకొక విధముగాఁ గానవచ్చును. 1261 మొదలు 1849 వఱకు 588 సంవత్సరములు వెలువడిన యాజ్ఞ లెంతవఱకు నిలిచెనో ఆ పట్టికలు చూచినఁ దేటపడును.

మీటరుపద్ధతి నెగ్గుటకుఁ గారణము దాని గణితసౌలభ్య మొక్కటియే కాదు. పూర్వపు రాజులు పేరును నిలిపి పరిమాణమును మార్పఁ జూచిరి. మీటరుపద్ధతి పేరును మార్చి పరిమాణమును నిలిపెను. అరగాను రైతుయొక్క 12 ఫనేగలు పట్టికనుబట్టి 269 లీటర్లని వ్రాయఁబడినచో గింజయైనను ఎక్కువ కాదు, తక్కువ కాదు. లీటరు ఆవిలాది కాదు, జరగోజాది కాదు. కావున నొక నగరము మఱియొకదానికి లోఁబడినదను నవమానమును లేదు. అయినను అలవాటు త్వరగాఁ దొలఁగలేదు. 1880లోఁగాని యీ పద్ధతి యెల్లరకు విధిగాఁ గాలేదు; 1892లో మరల శాసనము చేయవలసివచ్చెను. 1875లోఁ బారిసున మీటరుసంధి కుదిరినప్పుడు దానిపై సంతకము చేసిన దేశములలో స్పెయినొకటి. ఆ సంధిచే నేర్పడిన అంతర్జాతీయసంఘమునకు మొదటి యధ్యక్షుఁడు స్పెయినుదేశీయుఁడైన కార్లొసు ఇబాన్యెస్. ఇంత జరిగినను, అడవులలో ఓకుకాయలు మేసి బలిసిన పందుల బరువును అరోబలలోను, సీసాల బిరడాలకగు చెట్టుబెండును 46 కిలోగ్రాముల పాతకింతాలులలోను జెప్పువారు ఆ దేశమున నేఁటికిని గలరు.

పరిశోధకులు గ్రహింపవలసినది

స్పెయిను మానముల చరిత్రనుండి తేలు సారాంశము స్పష్టము. మానమనునది పేరు మాత్రమే కాదు. ఒక చోట, ఒక కాలమున, ఒక వస్తువునుగూర్చి, ఇచ్చువానికిని బుచ్చుకొనువానికిని గల యొడంబడిక. పాతపత్రములో మానము కనఁబడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయవలెను: ఇది యే యూరి కొలత? ఏ వస్తువునకు? ఏ కాలమునందు? రాశికొలతయా, చదునుకొలతయా? ఈ నాలుగింటికి నుత్తరము దొరకినచోనే లీటర్లును గ్రాములును వ్రాయవచ్చును. దొరకనిచో మూలమునందలి పేరునే నిలిపి, సంఖ్యను మార్పక యుంచుట మేలు. తప్పులెక్కకంటె మార్పని లెక్క యెక్కుడు విలువ గలది.

ఈ నియమము తెలుఁగుశాసనములకును జెల్లును. పుట్టికి ఇరువది తూములను వరుస ప్రసిద్ధమే. కాని వరుస యొక్కటియైనంతమాత్రమునఁ బుట్టి యొక్కటి కాదు. భారతదేశమున 1956లో మీటరుమానముల శాసనము వెలువడిన తరువాత సోల, మానిక, కుంచము, తూము అను మాటలు సంతనుండి తొలఁగుచు వచ్చినవి. స్పెయినులో పాతకొలతలు వాడుకలో నుండఁగానే మండలమండలమునకుఁ బరిమాణములు వ్రాయఁబడుటచే, నేఁటి చరిత్రకారుఁడు అక్కడి కౌలుపత్రమును జదివి, గాదెలోఁ జేరిన ధాన్యమును గణింపఁగలుగుచున్నాఁడు. పల్లెలలో గాదెలప్రక్క నింకను మిగిలియున్న కుంచములును, మానికలును, సోలలును ఏ యూరివో వ్రాసికొని, నీటితోఁ గొలిచి, పరిమాణమును గుఱించియుంచుట కష్టమైన పని కాదు. బడిపిల్లలు సైతము గొలువఁగలరు. ఆ పాత్రలు తుప్పుపట్టి పోయిన తరువాత మాత్రము శాసనములోని తూము వట్టిమాటగానే మిగులును.